గుర్తుంచుకునే సర్క్యూటు, మరచిపోయే సర్క్యూటు: బోరు స్టార్టరు నుంచి ట్యాంకు కంట్రోలరు దాకా

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో బోరు ఉన్న ఏ చేను గట్టుకు వెళ్లినా ఒక ఇనుప డబ్బా, దాని మీద ఒక ఆకుపచ్చ బటను, ఒక ఎర్ర బటను కనిపిస్తాయి. ఆకుపచ్చ బటనును ఒక్క క్షణం నొక్కి చెయ్యి తీసేస్తే, బటను స్ప్రింగుతో వెనక్కి వచ్చేసినా మోటరు నడుస్తూనే ఉంటుంది. అంటే బటను నొక్కిన సంగతిని ఆ డబ్బాలో ఏదో ఒక భాగం గుర్తుంచుకుంది. వచ్చి పోయిన సంకేతాన్ని, అది పోయిన తరువాత కూడా నిలిపి ఉంచడమే స్విచ్చింగ్ పరికరాల్లో మెమరీ చేసే పని. అలా నిలిపిన సంగతిని అనుసరించి చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలపడం, విడదీయడం రిలే చేసే పని. ఈ రెండింటినీ ముందుగా స్టార్టరు డబ్బాలోనే చూసి, తరువాత ఒకే ఒక్క ఐసీ (చిప్పు)తో ఇంటి పైట్యాంకుకు కంట్రోలరు కట్టుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తాను. సర్క్యూటు గీయడానికి కూర్చునే ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు ఈ పరికరం ఏం చేయాలి? మన ప్రాంతంలో ఈ ప్రశ్నను వదిలేసి కట్టిన ఏ కంట్రోలరూ ఎక్కువ రోజులు నమ్మకంగా పనిచేయదు.

స్టార్టరు డబ్బాలోని మెమరీ

డీవోఎల్ స్టార్టరులో, అంటే మోటరును నేరుగా లైను వోల్టేజీతో మొదలుపెట్టే డబ్బాలో, కాంటాక్టరు అనే పెద్ద విద్యుత్ స్విచ్చుకు ఒక కాయిల్ ఉంటుంది. దాని చివరలను ఏ1, ఏ2 అని గుర్తిస్తారు. మన మెకానిక్కులు దీన్ని నో వోల్ట్ కాయిల్ అంటారు. కాయిల్‌కు వోల్టేజీ అందగానే అది ఇనుప ముక్కను గుంజుతుంది, దానితోపాటు మోటరుకు మూడు ఫేజులు ఇచ్చే మూడు పెద్ద కాంటాక్టులు కలుస్తాయి. కాయిల్‌కు వోల్టేజీ వెళ్లే దారి ఇలా ఉంటుంది: ఒక ఫేజు నుంచి బయలుదేరి, మామూలుగా కలిసి ఉండే ఎర్ర బటను గుండా, ఆ తరువాత మామూలుగా విడిపోయి ఉండే ఆకుపచ్చ బటను గుండా కాయిల్‌కు చేరి, అక్కడి నుంచి ఓవర్‌లోడ్ రిలేలోని (మోటరు మితిమీరి కరెంటు గుంజితే దారి తెంచే, అంటే ట్రిప్పయ్యే భాగం) 95, 96 అనే కాంటాక్టు గుండా రెండో ఫేజుకు వెళ్తుంది. ఓవర్‌లోడ్ కాంటాక్టు కొన్ని డబ్బాల్లో కాయిల్‌కు ముందు ఉంటుంది, కొన్నింటిలో వెనుక ఉంటుంది. పనిలో తేడా లేదు.

మెమరీ ఉన్నది పక్కనున్న చిన్న కాంటాక్టులో. 13, 14 అని గుర్తించే ఈ సహాయక కాంటాక్టును ఆకుపచ్చ బటనుకు సమాంతరంగా కలుపుతారు. కాయిల్ గుంజగానే పెద్ద కాంటాక్టులతోపాటు ఇదీ కలుస్తుంది కాబట్టి, బటను వదిలేసినా కాయిల్‌కు కరెంటు ఈ పక్కదారిన అందుతూనే ఉంటుంది. కాయిల్ తన కాంటాక్టును తాను పట్టి ఉంచుతుంది, ఆ కాంటాక్టు కాయిల్‌ను నిలబెడుతుంది. ఫలితం తిరిగి వచ్చి కారణాన్ని నిలబెట్టే ఈ చుట్టే ప్రతి మెమరీ సర్క్యూటుకూ మూలం. ఎర్ర బటను నొక్కినా, ఓవర్‌లోడ్ ట్రిప్పయినా, కరెంటు పోయినా చుట్టు ఒకచోట తెగుతుంది. తెగగానే గుర్తున్నదంతా ఒక్కసారే మరచిపోతుంది.

దీన్ని చేతితో పరీక్షించి చూస్తే మనసులో బాగా నిలుస్తుంది. ఎర్ర బటను నొక్కడంతో సరిపెట్టకుండా మెయిన్ ఆపి, ఫ్యూజులు మూడూ తీసి, మూడు ఫేజులూ చచ్చి ఉన్నాయని టెస్టరుతో నిర్ధారించుకున్న తరువాతే మూత తెరవాలి. మల్టీమీటరును శబ్దం వచ్చే స్థానంలో పెట్టి ఎర్ర బటను రెండు చివరలను తాకితే మోగాలి, నొక్కితే ఆగాలి. 95, 96 మధ్య మోగాలి. మోగకపోతే ఓవర్‌లోడ్ ట్రిప్పయి ఉంది, రీసెట్ నొక్కాలి. 13, 14 మధ్య మామూలుగా మోగకూడదు, కాంటాక్టరు ముక్కను స్క్రూడ్రైవరు పిడితో లోపలికి నొక్కినప్పుడు మోగాలి. ఏ1, ఏ2 మధ్య కాయిల్‌ను బట్టి కొన్ని వందల నుంచి కొన్ని వేల ఓమ్‌ల దాకా కనిపించాలి. మీటరు అసలు కదలకపోతే కాయిల్ కాలిపోయింది.

“పచ్చ బటను పట్టుకున్నంతసేపే నడుస్తుంది, వదిలితే ఆగుతుంది” అని రైతు చెప్పే ఫిర్యాదుకు కారణం దాదాపు ఎప్పుడూ ఈ 13, 14 కాంటాక్టే. చీమలు చేరి ఉండవచ్చు, మసి పట్టి ఉండవచ్చు, తీగ వదులై ఉండవచ్చు. దీనికి కాయిల్ మార్చడం దండగ. దీనికి విరుద్ధమైన ఫిర్యాదు, అంటే కరెంటు రాగానే ఎవరూ నొక్కకుండానే మోటరు మొదలవడం, మరింత ప్రమాదకరమైనది: ఆకుపచ్చ బటను లోపల ఇరుక్కుపోయిందన్నమాట, లేదా ఎవరో దాని రెండు చివరలను తీగముక్కతో కలిపి పెట్టారన్నమాట.

ఆ తీగముక్క వెనుక ఒక చరిత్ర ఉంది. సరఫరా గంటల లెక్కన, కొంత రాత్రిపూట వచ్చిన కాలంలో, చీకట్లో చేనుకు పోయి బటను నొక్కే బాధ తప్పించుకోవడానికి రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. అవి మూడు ఫేజులూ వచ్చాయని చూసి, మనిషి లేకుండానే మోటరును మొదలుపెడతాయి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లను తొలగించాలని ప్రభుత్వం రైతులను కోరింది. డీవోఎల్ పద్ధతిలో మోటరు మొదలయ్యే క్షణంలో నడిచేటప్పటికంటే సుమారు 6 రెట్ల కరెంటు గుంజుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న మోటర్లన్నీ కరెంటు రాగానే ఒకేసారి మొదలైతే అది తట్టుకోలేదు. పైగా నీరు నిండినా, నీళ్లు అందకపోయినా మోటరు నడుస్తూనే ఉంటుంది. నా అభిప్రాయంలో మామూలు స్టార్టరు మతిమరుపు లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. దాన్ని తీసేసే ప్రతి సర్క్యూటూ ఆ రక్షణ స్థానంలో ఇంకేం పెట్టిందో చెప్పగలగాలి.

అదే చుట్టు, కాంటాక్టులు లేకుండా

కదిలే కాంటాక్టు లేకుండా ఇదే చుట్టును 1918లో బ్రిటన్‌లో ఎకల్స్, జోర్డాన్ అనే ఇద్దరు రెండు వాక్యూం ట్యూబులతో కట్టారు: ఒకటి నడుస్తుంటే రెండోదాన్ని ఆపుతుంది, ఆగిన రెండోది మొదటిదాన్ని నడవనిస్తుంది. నేడు దీన్నే ఫ్లిప్‌ఫ్లాప్ లేదా లాచ్ అంటున్నాం. తలుపు గొళ్లెంలా, ఒకసారి పడ్డాక చెయ్యి తీసినా పడే ఉంటుంది. తీయడానికి వేరే చేత్తో పనిపడాలి.

మనకు అందుబాటులో ఉన్న సులువైన లాచ్ రెండు నార్ గేట్లతో వస్తుంది. గేటు అంటే ఇన్‌పుట్లను చూసి అవుట్‌పుట్ తేల్చే చిన్న సర్క్యూటు; హై అంటే వోల్టేజీ ఉన్న స్థితి, లో అంటే లేని స్థితి. నార్ గేటు నియమం ఒక్కటే: ఇన్‌పుట్లలో ఏ ఒక్కటి హై అయినా అవుట్‌పుట్ లో అవుతుంది, అన్నీ లో అయితేనే అవుట్‌పుట్ హై అవుతుంది. మొదటి గేటు అవుట్‌పుట్‌ను రెండో గేటుకు ఒక ఇన్‌పుట్‌గా, రెండో గేటు అవుట్‌పుట్‌ను మొదటి గేటుకు ఒక ఇన్‌పుట్‌గా ఇస్తే ఒక్కో గేటుకు ఒక్కో ఇన్‌పుట్ మిగులుతుంది. మొదటి గేటుది రీసెట్, రెండోదానిది సెట్. సెట్‌ను క్షణం హై చేస్తే రెండో గేటు అవుట్‌పుట్ లో అవుతుంది, దానితో మొదటి గేటు ఇన్‌పుట్లు రెండూ లో అయి దాని అవుట్‌పుట్ హైకి పోతుంది, ఆ హై తిరిగి రెండో గేటును లోలోనే పట్టి ఉంచుతుంది. సెట్ పోయినా మార్పు లేదు. రీసెట్ హై చేస్తే ఇదంతా తలకిందులవుతుంది. రెండూ లో అయితే పాత స్థితి నిలుస్తుంది. రెండూ ఒకేసారి హై అయితే రెండు అవుట్‌పుట్లూ లో అవుతాయి. మోటరును మొదటి గేటు అవుట్‌పుట్ నడిపితే, తగాదా వచ్చినప్పుడు గెలిచేది ఆపమనే ఆజ్ఞ. ఈ చివరి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని, కంట్రోలరు భద్రత సగం దాని మీదే నిలబడి ఉంది.

ట్యాంకు కంట్రోలరు కట్టే పద్ధతి

పైట్యాంకుకు మెమరీ ఎందుకంటే, ఒకే మట్టం చూసి మోటరును నడిపిస్తే ఒక చెంబు నీళ్లు వాడగానే మొదలై, మరుక్షణం ఆగి, అలా కొట్టుకుంటూనే ఉంటుంది. కింది మట్టం తేలగానే మొదలవ్వాలి, పై మట్టం తడవగానే ఆగాలి, నడుమ ఎక్కడున్నా ముందు చేస్తున్న పనినే చేస్తూ ఉండాలి. నడుమ ఉన్నప్పుడు “నింపుతున్నానా, వాడుకలో ఉన్నానా” అన్నది నీళ్లను చూసి తెలియదు, అది గుర్తుండాలి.

కావలసిన ఐసీ సీడీ4001. ఇందులో నాలుగు నార్ గేట్లు ఉంటాయి. 14వ కాలుకు 12 వోల్టులు, 7వ కాలుకు సున్నా (సరఫరా నెగెటివ్ తీగ). ఈ రెంటి మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరును ఐసీకి దగ్గరగా పెట్టాలి. ఇలాంటి విడిభాగాలు జిల్లా కేంద్రంలో దొరకకపోతే హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో తప్పక దొరుకుతాయి. 12 వోల్టుల సరఫరాకు ట్రాన్స్‌ఫార్మరు ఉన్న అడాప్టరే వాడాలి. మెయిన్స్‌ను కెపాసిటరుతో తగ్గించే చౌక సరఫరాను ఇక్కడ ఎంతమాత్రం వాడకూడదు, ఎందుకంటే ఈ సర్క్యూటు సున్నా తీగ నేరుగా నీళ్లలో మునిగి ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మరు లేకపోతే నల్లా తిప్పినవాళ్లకు షాకు కొడుతుంది.

ట్యాంకులోకి మూడు స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు దించాలి: అడుగుదాకా వెళ్లేది కామన్, దాన్ని సున్నాకు కలపాలి, మోటరు మొదలవ్వాల్సిన మట్టం దగ్గర రెండోది, ఆగాల్సిన మట్టం దగ్గర మూడోది. రెండో, మూడో కడ్డీల తీగలను ఒక్కొక్కటి 470 కిలో ఓమ్‌ల రెసిస్టరుతో 12 వోల్టులకు కట్టాలి. కడ్డీ పొడిగా ఉంటే ఆ బిందువు హైలో ఉంటుంది, నీరు తాకితే నీటిగుండా సున్నాకు లాగబడి లో అవుతుంది. కడ్డీలగుండా పోయే కరెంటు ఒక్కోదానికి 26 మైక్రో ఆంపియర్లు మించదు కాబట్టి తుప్పు నిదానంగా పడుతుంది.

కింది కడ్డీ పొడిబారితే మోటరు మొదలవ్వాలి కాబట్టి ఆ బిందువును 100 కిలో ఓమ్‌ల రెసిస్టరు గుండా సెట్ అయిన 6వ కాలుకు నేరుగా ఇవ్వవచ్చు. పై కడ్డీ తడిస్తే ఆగాలి, అంటే సంకేతాన్ని తలకిందులు చేయాలి. అందుకు మూడో గేటు 8, 9 కాళ్లను కలిపి మరో 100 కిలో ఓమ్‌ల గుండా పై బిందువుకు కట్టి, దాని అవుట్‌పుట్ 10వ కాలును రీసెట్ అయిన 1వ కాలుకు ఇవ్వాలి. 3వ కాలును 5వ కాలుకు, 4వ కాలును 2వ కాలుకు కలిపితే లాచ్ పూర్తవుతుంది. మిగిలిన గేటు 12, 13 కాళ్లను సున్నాకు కట్టాలి, 11ను ఖాళీగా వదలాలి. వాడని ఇన్‌పుట్లను గాలిలో వదిలితే ఐసీ అనవసరంగా కరెంటు తాగుతూ పిచ్చిగా ప్రవర్తిస్తుంది. రిలేకు వెళ్లే ఆజ్ఞ 3వ కాలు నుంచి వస్తుంది.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు సమాధానం పెట్టాలి. కరెంటు వచ్చిన క్షణంలో లాచ్ ఎటు వాలుతుందో ఎవరూ చెప్పలేరు. దాన్ని మనమే ఒకవైపు తోయాలి. పై కడ్డీ బిందువు నుంచి సున్నాకు 10 మైక్రోఫారడ్ కెపాసిటరు కడితే, కరెంటు వచ్చినప్పుడు అది ఖాళీగా ఉంటుంది కాబట్టి ఆ బిందువు లోగా, అంటే ట్యాంకు నిండినట్టుగా కనిపించి లాచ్ రీసెట్ అవుతుంది. 470 కిలో ఓమ్‌ల గుండా అది సగం వోల్టేజీకి ఎక్కడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. ఆ తరువాత కింది కడ్డీ పొడిగా ఉంటేనే మోటరు మొదలవుతుంది. నీరు నడుమ ఉంటే కింది మట్టం దాకా ఆగుతుంది. కరెంటు క్షణంపాటు పోయి వచ్చినా కెపాసిటరు ఖాళీ కావాలి కాబట్టి, 470 కిలో ఓమ్‌ల రెసిస్టరుకు సమాంతరంగా 1ఎన్4148 డయోడును, గీత ఉన్న చివర 12 వోల్టుల వైపు ఉండేట్టు పెట్టాలి. కింది బిందువుకు 1 మైక్రోఫారడ్ చాలు. ఈ కెపాసిటర్లు నీటి అలల వల్ల, పొడవాటి తీగల్లో వినిపించే మెయిన్స్ రొద వల్ల వచ్చే తప్పుడు సంకేతాలను కూడా మింగేస్తాయి.

తీగ తెగితే ఏమవుతుందో కట్టక ముందే లెక్క వేసుకోవాలి. కింది కడ్డీ తీగ తెగితే ట్యాంకు ఎప్పుడూ ఖాళీ అన్నట్టు కనిపించి, పై కడ్డీ తేలగానే మోటరు మొదలవుతూ, తడవగానే ఆగుతూ కొట్టుకుంటుంది. చికాకే గాని నష్టం తక్కువ. పై కడ్డీ తీగ గాని, కామన్ తీగ గాని తెగితే ఆపే ఆజ్ఞ ఎన్నటికీ రాదు, నీరు పొర్లిపోతూనే ఉంటుంది. నల్లగొండ వైపు బోరు నీటిలో లవణాలు ఎక్కువ కాబట్టి కరెంటు బాగానే పారుతుంది గాని, అదే నీరు కడ్డీల మీద తెల్లటి పొర కట్టి కొన్ని నెలల్లో తీగ తెగినట్టే చేస్తుంది. కడ్డీలను అప్పుడప్పుడు గీకడంతోపాటు, ట్యాంకు నిండటానికి పట్టే సమయం కంటే కొంచెం ఎక్కువ పెట్టిన టైమరు రిలే కాంటాక్టును కాంటాక్టరు కాయిల్ దారిలో సిరీసులో ఉంచితే ఈ రెండు లోపాలకూ అడ్డుకట్ట పడుతుంది. ఈ ఖర్చు తప్పించుకోవద్దని నా సలహా.

రిలేను నడపడం, స్టార్టరుకు కలపడం

సీడీ4001 కాలు ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు మాత్రమే ధారాళంగా ఇవ్వగలదు. 12 వోల్టుల చిన్న రిలే కాయిల్ 400 ఓమ్‌లు ఉంటుంది, 30 మిల్లీ ఆంపియర్లు కావాలి. అందుకని 3వ కాలు నుంచి 6.8 కిలో ఓమ్‌ల గుండా బీసీ547 ట్రాన్సిస్టరు బేసుకు ఇచ్చి, ఎమిటరును సున్నాకు, కలెక్టరును రిలే కాయిల్ ఒక చివరకు, కాయిల్ రెండో చివరను 12 వోల్టులకు కట్టాలి. బీసీ547 మోయగలిగిన గరిష్ఠం 100 మిల్లీ ఆంపియర్లు కాబట్టి ఒక్క రిలేకు చాలినంత మిగులు ఉంది. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడు, గీత 12 వోల్టుల వైపు, తప్పనిసరి. కాయిల్‌లో నిలిచిన అయస్కాంత శక్తి, ట్రాన్సిస్టరు ఆగిన క్షణంలో ఎదురు వోల్టేజీగా ఎగసి, డయోడు లేకపోతే ట్రాన్సిస్టరును చీల్చి, పక్కనున్న లాచ్‌ను కూడా తలకిందులు చేస్తుంది.

ఈ చిన్న రిలేతో మోటరును నేరుగా నడపకూడదు. దాని కాంటాక్టు కాంటాక్టరు కాయిల్‌ను మాత్రమే కలపాలి. ఆటో స్థానంలో రిలే కాంటాక్టును స్టార్టు, స్టాపు బటన్ల స్థానంలోకి, మాన్యువల్ స్థానంలో పాత బటన్లను తిరిగి దారిలోకి తెచ్చే సెలెక్టర్ స్విచ్చు పెడితే మంచిది. ఓవర్‌లోడ్ 95, 96 మాత్రం రెండు స్థానాల్లోనూ దారిలోనే ఉండాలి. చేలల్లోని చాలా స్టార్టర్ల కాయిల్ రెండు ఫేజుల మధ్య 415 వోల్టుల మీద పనిచేస్తుంది, చిన్న రిలే కాంటాక్టులు 250 వోల్టులకు చేసినవి. అలాంటి చోట 230 వోల్టుల కాయిల్ ఉన్న చిన్న కాంటాక్టరును న్యూట్రల్‌తో నడిపి, దాని కాంటాక్టుతో పెద్దదాన్ని నడపాలి. సింగిల్ ఫేజు సబ్‌మెర్సిబుల్ ప్యానెళ్లలో కొన్నింటికి స్టార్టు కెపాసిటరు క్షణకాలమే తగిలేలా బటను నొక్కి వదలాలి. వాటికి ఈ సర్క్యూటు ఒక్కటే సరిపోదు, ఆ కెపాసిటరును తొలగించే టైమరు అదనంగా కావాలి.

కరెంటు పోయినా మరవని మెమరీ

కొన్ని పరికరాల్లో మరపు పనికిరాదు. అమెరికాలోని సకసున్నాలో 1965లో మొదలైన నంబర్ 1 ఈఎస్ఎస్ అనే టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో మాటను కలిపే కాంటాక్టులను ఫెర్రీడ్లు అనేవారు: ఒక చిన్న పల్సుతో అయస్కాంతత్వం మారి కాంటాక్టు కలుస్తుంది, ఆ తరువాత పట్టి ఉంచడానికి కరెంటే అక్కరలేదు. నేటి లాచింగ్ రిలే అదే జాతిది. రెండు కాయిళ్లున్న రకంలో ఒకదానికి పల్సు ఇస్తే కలుస్తుంది, రెండోదానికి ఇస్తే విడిపోతుంది, నడుమ లోపలి శాశ్వత అయస్కాంతం పట్టి ఉంచుతుంది. బ్యాటరీ మీద నడిచే పరికరాలకు ఇది అనువైనది. మోటరుకు మాత్రం నేను దీన్ని వాడను. కరెంటు వచ్చేసరికి కాంటాక్టు కలిసే ఉంటుంది, ఆటో స్టార్టరు తెచ్చిన తలనొప్పే మళ్లీ వస్తుంది.

ఫోనుతో నడిపే మొబైల్ స్టార్టర్ల వంటి మైక్రోకంట్రోలరు (ప్రోగ్రాముతో నడిచే చిప్పు) పరికరాల్లో మెమరీ ఈఈప్రామ్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని భాగంలో ఉంటుంది. ఉదాహరణకు ఏటీమెగా328 అనే మైక్రోకంట్రోలరులో ఇలాంటివి 1024 బైట్లు ఉంటాయి, ఒక్కో బైటును సుమారు 1,00,000 సార్లు రాయవచ్చునని తయారీదారు హామీ. ఇది చాలా ఎక్కువగా తోస్తుంది గాని, మోటరు స్థితిని సెకనుకొకసారి ఒకే బైటులో రాస్తే 28 గంటల్లోపే ఆ లెక్క పూర్తవుతుంది. కాబట్టి విలువ మారినప్పుడు మాత్రమే రాయాలి. ఏం రాయాలన్నదీ ముఖ్యమే: ఆటోనా మాన్యువలా, టైమరు ఎంత, ఎందుకు ట్రిప్పయింది అన్నవి రాయదగినవి, మోటరు నడుస్తోందా అన్నది మరచిపోవడమే మేలు.

మోటరు కలపక ముందు చేసే పరీక్ష

కాంటాక్టరును విడదీసి ఉంచి, మూడు కడ్డీలను ఒక బకెట్ మీద వేలాడదీసి, నీళ్లు పోస్తూ తీస్తూ రిలే చప్పుడు వినాలి. ఖాళీ బకెట్‌తో కరెంటు ఇస్తే సుమారు 3 సెకన్ల తరువాత రిలే టక్కున గుంజాలి. పై కడ్డీ తడవగానే వదలాలి. నీళ్లు నడుమకు దించితే కదలకూడదు. కింది కడ్డీ తేలాక మళ్లీ గుంజాలి. నడుమ మట్టంలో రిలే కలిసి ఉండగా అడాప్టరును పీకి పెట్టాలి, వదిలిన రిలే మళ్లీ గుంజకూడదు. గుంజితే 1ఎన్4148 తిరగబడి ఉందేమో, 10 మైక్రోఫారడ్ పాడైందేమో చూడాలి. తరువాత ఒక్కో కడ్డీ తీగను పీకి, పైన లెక్క వేసిన ప్రకారమే ప్రవర్తిస్తోందో లేదో పోల్చుకోవాలి.

రిలే కలవకుండా టకటకలాడితే ముందు 12 వోల్టులను కొలవాలి. ఇలాంటి రిలే గుంజడానికి 9 వోల్టుల దాకా అడగవచ్చు, ఒకసారి గుంజాక మాత్రం 1.2 వోల్టుల దగ్గరికి పడిపోయేదాకా కూడా వదలకపోవచ్చు. అడాప్టరు నీరసంగా ఉంటే రిలే గుంజగానే వోల్టేజీ కూలి, ఐసీ మరచిపోయి, రిలే వదిలి, మళ్లీ మొదలవుతుంది. పెద్ద కాంటాక్టరు టకటకలాడితే కారణం వేరు: అది నమ్మకంగా కలవడానికి కాయిల్ వోల్టేజీలో కనీసం 85 శాతం, అంటే 415 వోల్టుల కాయిల్‌కు సుమారు 353 వోల్టులు కావాలి. ఎండాకాలం లైను చివరి ట్రాన్స్‌ఫార్మరు కింద అది అందని వేళలు ఉంటాయి. అప్పుడు కాంటాక్టులు కాలిపోక ముందే మెయిన్ ఆపి, వోల్టేజీ నిలబడ్డాక నడుపుకోవాలి. వోల్టేజీ సరిగానే ఉన్నా గుర్రుమంటుంటే, ఇనుప ముక్క ముఖంలో ఇమిడి ఉండే రాగి షేడింగ్ రింగు పగిలిందేమో, రెండు ముఖాల మధ్య మట్టి చేరిందేమో కరెంటు తీసి చూడాలి.